ముల్లు మధ్యకొచ్చింది కదా

నాకు ముక్కు మీద కోపం అంటారు మా ఇంట్లో. అననీ. ఆ వారం రోజులు మాత్రం కోపమంతా గొంతులో కుక్కుకుని, పైకి పళ్ళికిలిస్తూ తిరిగాను. దాంతో నా కారు ఇంజిన్ పోయింది. ఒక్క కారే పోయుంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. మర్చిపోలేక రాస్తున్నాను.

మేముండేది కెనడాలో, సస్కటూన్‌లో. మా ఆయన ఐటీ. నేను హోమ్‌కేర్‌లో పని చేస్తాను. అంటే లేవలేని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి లేపడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, ఇంత తిండి పెట్టడం. ఇండియాలో నర్సుని. ఇక్కడి లైసెన్సు ఇంకా చేతికి రాలేదు. ఆ మంట వేరే, దాని జోలికి ఇప్పుడు పోను.

నా పొద్దుటి డ్యూటీ ఊరికి అరగంట దూరంలో, పొలాల మధ్య ఒక్కతే ఉండే ఒక కెనడియన్ పెద్దావిడ ఇంట్లో. ఎనభై దాటాయి. తుంటి విరిగినప్పటి నుంచీ తనంతట తాను మంచం దిగలేదు. ఇల్లు వదిలి వృద్ధుల హోముకి రమ్మంటే రాదు. రాత్రి ఒకమ్మాయి వచ్చి పడుకోబెట్టి వెళ్తుంది, పొద్దున ఏడింటికి నేను వెళ్ళి లేపుతాను. ఈ మధ్యలో ఏమైనా ఆ మంచంలోనే. నేను అరగంట ఆలస్యమైతే ఆవిడ అరగంట తడిలో పడుకుని ఉంటుంది. అంతే లెక్క. అందుకని మంచు పడ్డా, మైనస్ ముప్పై అయిదు ఉన్నా, నేను ఏడింటికి ఆ గుమ్మంలో ఉండాలి, నా కారు నన్ను అక్కడికి చేర్చాలి.

కారు చిన్నదే, సెకండ్ హ్యాండ్, కానీ టర్బో ఉంది. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే చిన్న చక్రం. ఊపిరి సలపనంత వేగంగా తిరుగుతుంది, పల్చటి నూనె పొర మీదే దాని బతుకంతా. ఈ దేశంలో నా పేరు మీద రిజిస్టరైన మొదటి వస్తువు ఆ కారు. దాన్ని ఎలా నడపాలో నేర్పింది డ్రైవింగ్ స్కూలు కాదు, ఆ పెద్దావిడే. నలభై ఏళ్ళు ధాన్యం లారీలు నడిపిన మనిషి. మంచంలో పడుకునే, నా కారు వాకిట్లోకి వచ్చే చప్పుడు విని ఎలా వచ్చానో చెప్పేసేది.

మొదటి చలికాలంలో ఒకరోజు నేను ఉరుకులు పరుగుల మీద వచ్చాను. ఆవిడకి స్వెటర్ తొడుగుతుంటే ఇంగ్లీషులో అంది, "అమ్మాయ్, బండి చల్లగా ఉండగానే తొక్కావు కదూ?"

"లేదండీ, మీటర్లో హీట్ ముల్లు మధ్యకొచ్చాకే స్పీడు పెంచాను."

"ఆ ముల్లు చెప్పేది ఇంజిన్‌లో నీళ్ళ సంగతి. నూనె సంగతి ఎవరూ చెప్పరు. నువ్వే తెలుసుకోవాలి. నిలబెట్టి ఎంతసేపు ఆన్‌లో ఉంచినా లాభం లేదు. మెల్లగా నడుపుతూ వేడెక్కించు."

నాకు వెంటనే మా బాత్‌రూమ్‌లో కొబ్బరినూనె సీసా గుర్తొచ్చింది. చలికాలం వేణ్ణీళ్ళ మగ్గులో పెడతాం కదా. నీళ్ళు పొగలు కక్కుతుంటాయి, సీసా పట్టుకుంటే కాలుతుంది, వంచితే మాత్రం చుక్క పడదు, లోపల తెల్లగా ముద్ద అలాగే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ అలా గడ్డకట్టదు గానీ, చిక్కబడి బద్ధకంగా కదులుతుంది. చేరాల్సిన చోటికి అది చేరకముందే మనం కాలు గట్టిగా వేస్తే ఇనుముకి ఇనుము రాసుకుంటుంది.

అప్పటి నుంచీ ముల్లుని నమ్మడం మానేశాను. స్టార్ట్ చేయగానే ఇంజిన్ పొడిదగ్గు దగ్గుతుంది. రాత్రంతా చలికి చదునైపోయిన టైర్లు మొదటి రెండు కిలోమీటర్లు టపటపా కొట్టుకుంటాయి. స్టీరింగ్ మొండికేస్తుంది. ఇవన్నీ ఒక్కొక్కటే సర్దుకుంటాయి. ముల్లు మధ్యకొచ్చాక కూడా ఇంకో పది పదిహేను నిమిషాలు, ఊరి బయట రైలు గేటు దాటేదాకా, ఇంజిన్‌ని గట్టిగా అరవనివ్వను. గేటు దాటాక చప్పుడు మెత్తబడుతుంది, అప్పుడు తొక్కుతాను. నాలుగు చలికాలాలు అలాగే నడిపాను, ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

అయిదో చలికాలం మా బావగారు వచ్చారు. అంటే మా ఆయన అన్నయ్య. ఒటావా పక్కన కనాటాలో పెద్ద ఉద్యోగం, అంతకుముందు పదేళ్ళు టెక్సస్. ఆయన కారు వెచ్చటి గరాజులో నిద్రపోతుంది. ఇక్కడ ఒక విత్తనాల కంపెనీలో ఆయనకి వారం రోజుల పని పడింది.

"రెంటల్ ఎందుకన్నయ్యా, దీని కారు ఉందిగా," అన్నారు మా ఆయన. నన్నడగలేదు. నేను కాఫీ కలుపుతున్నాను. చెంచా చప్పుడు కొంచెం పెంచాను. నేను చూపించిన నిరసన అదీ, చూడండి నా శౌర్యం!

ఏర్పాటేమిటంటే, ఆయన ఆఫీసు కూడా ఆ దారిలోనే కాబట్టి పొద్దున్నే నన్ను పెద్దావిడ ఇంటి దగ్గర దింపి అటే వెళ్తారు, మధ్యాహ్నం మళ్ళీ తీసుకొస్తారు. "చలిలో నువ్వెందుకమ్మా డ్రైవ్ చేయడం, నేనున్నాగా," అన్నారు ఎంతో ప్రేమగా. ప్రేమ నిజమే. అందుకే నోరు పెగల్లేదు.

వచ్చిన రోజు రాత్రి భోజనాలయ్యాక నేను కోటు తొడుక్కుని బయటికి వెళ్ళి కారుకి ప్లగ్గు పెట్టి వచ్చాను. ఇక్కడ ప్రతి కారు ముక్కులోంచీ ఒక కరెంటు వైరు వేలాడుతుంటుంది. ప్లగ్గు పెడితే ఇంజిన్ మరీ బిగుసుకుపోకుండా ఉంటుంది. ఆయన కిటికీలోంచి చూసి ఒకటే నవ్వు. "ఇదేంటమ్మా, మీ ఊళ్ళో కార్లకి కూడా ఫోన్లలాగా చార్జింగ్ పెడతారా?"

నేనూ నవ్వాను. ఆ ప్లగ్గు వేడి చేసేది కూడా నీళ్ళనే. దానివల్ల ముల్లు ఇంకా త్వరగా లేస్తుంది. అంటే ఆయన్ని తొందరపెట్టే ఏర్పాటు నా చేతులతో నేనే చేసి వచ్చాను.

మర్నాడు, సోమవారం పొద్దున రిమోట్‌తో స్టార్ట్ చేసి, పది నిమిషాలాగి కారెక్కాం. మాది చర్చి కుటుంబం. బయల్దేరే ముందు ప్రార్థన ఉండాల్సిందే. బావగారి ప్రార్థన పొడుగు. "ప్రభువా, ఈ ప్రయాణాన్ని నీ చేతుల్లో పెడుతున్నాం. ఈ వాహనాన్ని కాపాడు తండ్రీ" అంటూ మొదలుపెట్టి, కనాటాలో పిల్లల చదువులు, మా ఆయన ప్రమోషను, నా లైసెన్సు, అన్నీ చుట్టి వచ్చారు. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ముల్లు నిటారుగా ఉంది.

"చూశావా అమ్మా, ముల్లు మధ్యకొచ్చింది కదా. రెడీ!"

సర్కిల్ డ్రైవ్ అనే హైవే ఎక్కే ర్యాంపు మీద కాలు దించారు, దించడమంటే నేల దాకా. ఇంజిన్ కేక పెట్టింది. వాహనాన్ని కాపాడమని దేవుణ్ణి అడిగి నిమిషం కాలేదే! ముందు మీ కాలి నుంచి కాపాడాలి కదా దాన్ని!

ఇవన్నీ లోపల. పైకి అన్నది వేరు. "బావగారూ, కొంచెం మెల్లగా అండీ, ఆయిల్ ఇంకా వేడెక్కి ఉండదేమో అండీ."

"ఇవి మోడర్న్ ఇంజిన్లమ్మా. అంతా కంప్యూటరే చూసుకుంటుంది. నేను జర్మనీలో కూడా డ్రైవ్ చేశాను, నువ్వేం టెన్షన్ పడకు."

సాయంత్రం వంటింట్లో మా ఆయన్ని పట్టుకున్నాను. "మీ అన్నయ్యకి చెప్పండి. మొదటి పావుగంట కాలు తేలిగ్గా వెయ్యమని."

"నువ్వే చెప్పొచ్చుగా."

"చెప్పాను."

"ఎలా చెప్పావు?"

చెప్పి చూపించాను.

"అది చెప్పడమా? సణగడం."

"మరి మీరు గట్టిగా చెప్పండి!"

"అన్నయ్య ఫీలవుతాడే. వారం రోజులేగా, అడ్జస్ట్ అవ్వు."

ఒళ్ళు మండిపోయింది. నా మీద అరవడానికి ఏనాడూ లేని మొహమాటం అన్నయ్య దగ్గర ఎక్కడి నుంచి పుట్టుకొస్తుందో! అయినా ఆయన్ని అనడానికి నాకేం అర్హత ఉంది? రోజూ ఆ పక్క సీట్లో కూర్చున్నది నేను. రోజూ ఆమేన్ అన్నది నేను. మంగళవారం అదే తంతు. బుధవారం ర్యాంపు మీద సరిపోలేదని, టైర్లు ఇంకా టపటపలాడుతుండగానే ఒక ట్రక్కుని ఓవర్‌టేక్ చేసి, "పికప్ అదిరిందమ్మా!" అన్నారు. నేను "అవునండీ" అన్నాను. అవునండీ! నా నోటికి తాళం ఎవరూ వెయ్యలేదు, నాకు నేనే వేసుకున్నాను.

గురువారం నుంచి ఇంజిన్ లోపల సన్నగా ఈల మొదలైంది. కాలు వేస్తే పెరుగుతోంది, తీస్తే తగ్గుతోంది. అదేమిటో నాకు తెలుసు. టర్బో చక్రం వదులవుతోంది.

"బావగారూ, ఏదో ఈల వినపడుతోందండీ."

"గాలమ్మా అది. ఈ ప్రెయిరీ మైదానాల్లో గాలెక్కువ కదా."

ఆ రోజు నేను లోపలికి వెళ్ళేసరికి పెద్దావిడ తల దిండు మీద నుంచి ఎత్తి చూస్తోంది. "ఎవరు నడుపుతున్నారు నీ బండిని?"

"మా బావగారండీ. వారం రోజులే."

"చెప్పు ఆయనకి."

"చెప్తాను."

"నీకు కష్టంగా ఉంటే లోపలికి పిలువు, నేను చెప్తాను."

"వద్దొద్దు!" అన్నాను కంగారుగా. ఆయనకి చిన్నతనంగా ఉంటుందని నా భయం. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పిలిచి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

శనివారం ఆయన వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు డబ్బా నిండా జంతికలు పెట్టిచ్చాను. అదీ నా కోపం. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయిల్ చూసుకుంటే సగానికి పడిపోయింది. పోశాను. మా దారిలో ఒక చిన్న ఊళ్ళో గరాజు నడిపే మెకానిక్కి మెసేజ్ పెడితే మంగళవారం తెమ్మన్నాడు. సోమవారం ఒక్కరోజు మెల్లగా వెళ్ళొస్తే చాలు కదా అనుకున్నాను. మా ఆయన ఆ సాయంత్రమే ఆఫీసు పని మీద తన కారులో రెండున్నర గంటల దూరంలోని రెజైనా వెళ్ళారు.

సోమవారం మైనస్ ముప్పై మూడు. రైలు గేటు దాకా కూడా రాలేదు. వెనక అద్దం నిండా నీలం పొగ, ముందు మీటర్లలో ఎర్ర దీపం, ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. వెంటనే పక్కకి తీసి ఆపేశాను. ఆరూ నలభై. చుట్టూ మంచు, చీకటి, ఒక్క దీపం లేదు.

మా హోమ్‌కేర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. పదకొండు దాకా పంపడానికి మనిషి లేదన్నారు. టాక్సీవాళ్ళు ఆ చలిలో ఊరు దాటి రామన్నారు. మెకానిక్ వస్తానన్నాడు గానీ ఎప్పుడో చెప్పలేనన్నాడు, రెజైనాలో ఉన్న మా ఆయనకి మెసేజ్ పెట్టాను. పెద్దావిడ ఇంటికి చేశాను. ఆ ఫోను వంటింటి గోడకి ఉంటుంది, మోగుతూనే ఉంది. ఆవిడ మంచంలో పడుకుని ఆ మోత వింటూ ఉంటుందని నాకు తెలుసు. అయినా మళ్ళీ చేశాను. మెడలో ఎమర్జెన్సీ బటన్ ఉంది, నొక్కితే ఎవరో ఒకరు వస్తారు. నొక్కదని కూడా తెలుసు.

డిక్కీలో ఎప్పుడూ ఉంచే రెండు దుప్పట్లూ కప్పుకుని కూర్చున్నాను. ఏడయింది. ఏడున్నర. ఎనిమిది. వేళ్ళు మొద్దుబారాయి గానీ కోపం మాత్రం చల్లారలేదు. బావగారిని తిట్టాను. మా ఆయన్ని తిట్టాను. ఆ ముల్లుని తిట్టాను. ఎవరూ వినని చోట ఎంత బాగా తిడతానో నేను!

మెకానిక్ తన టో ట్రక్కు వేసుకుని వచ్చేసరికి తొమ్మిది దాటింది. ఆ పొద్దుట సగం జిల్లా రోడ్ల మీదే ఆగిపోయిందట. బానెట్ ఎత్తి, ఒక గొట్టం ఊడదీసి, లోపల చక్రాన్ని వేలితో కదిపి చూపించాడు. పాలపన్నులా ఊగుతోంది.

"టర్బో పోయింది, ఆయిలంతా తాగేసింది. కింద బేరింగులు కూడా పోయినట్టే. చల్లటి ఇంజిన్‌ని ఎవరో గట్టిగా తొక్కారు."

"నేను కాదు. మా ఇంటి మనిషి. ముల్లు మధ్యకొచ్చిందని..."

"ఆ ముల్లు ఉత్తది. నీళ్ళు కాస్త వేడెక్కితే చాలు, మధ్యలో నిలబడిపోతుంది. చూసేవాళ్ళు కంగారు పడకూడదని అలా చేస్తారు," అని నా మొహం చూశాడు. "నీకు తెలుసుగా ఇదంతా. చెప్పలేదా మరి?"

నేను కారులోంచి నా బ్యాగు తీసుకున్నాను.

ట్రక్కులో కూర్చోగానే మా ఆయన మెసేజ్. "అన్నయ్యకి చెప్పాను. కాల్ చేస్తాడు. ఏమీ అనకు ప్లీజ్." ఆ వెనకే ఫోన్.

"ఏమైందమ్మా? బండి ఆగిపోయిందట? నేను నడిపినప్పుడు ఏమన్నా తేడా చేశానా?"

అడిగారు. ఎంత తేలిక చేసి పెట్టారో చూడండి, ప్రశ్న ఆయనే అడిగారు. నేను అవునంటే చాలు. నా గొంతులోంచి ఒక మెత్తటి, తియ్యటి గొంతు బయటికొచ్చింది. "అయ్యో, అబ్బే, మీదేం లేదండీ బావగారూ! పాత బండి కదా. ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే. పర్వాలేదండీ, నాకేం ఇబ్బంది లేదు."

"హమ్మయ్య," అన్నారాయన. "నేనే ఏమన్నా చేశానేమోనని భయపడ్డాను."

మెకానిక్ నన్ను పెద్దావిడ వాకిట్లో దింపి కారు లాక్కుని వెళ్ళిపోయాడు. పదీ పది. మూడు గంటల పది నిమిషాలు ఆలస్యం. తలుపు తీయగానే వాసన తెలిసింది. పరుగెత్తాను. దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకుని ఉంది. దుప్పటి ఎత్తితే నైటీ, పక్కబట్టలు, నడుం దాకా తడి. ఎప్పుడో చల్లబడిపోయిన తడి. తొడలు మంచుముక్కల్లా ఉన్నాయి. చర్మం ఎర్రగా కమిలింది.

"క్షమించండి, నా కారు..."

"పర్వాలేదమ్మాయ్," అంది నవ్వుతూ. "రోడ్ల సంగతి నాకు తెలీదా? నాకు హాయిగా నిద్ర పట్టేసింది. ఏం ఇబ్బంది లేదు."

నా చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు నాకు తెలుసు. అరగంట క్రితం ట్రక్కులో నేను వాడిన గొంతే అది. నా మనసు నొచ్చుకోకూడదని, పళ్ళు టకటక కొట్టుకుంటున్నా నవ్వుతోంది ఆవిడ. బటన్ ఎందుకు నొక్కలేదని అడిగితే, "అది పడిపోతే నొక్కడానికి కదా," అంది.

వేణ్ణీళ్ళతో తుడిచాను, మందు రాశాను, పొడి బట్టలు వేశాను, పక్క మార్చాను, చక్రాల కుర్చీలోకి ఎత్తి హీటర్ దగ్గర కూర్చోబెట్టాను. వంటింట్లోకి వెళ్ళి ఓట్స్ పొయ్యి మీద పెట్టాను. ఫోను గట్టు మీద పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, బావగారికి కలిపాను.

"బావగారూ, ఇందాక మీకు అబద్ధం చెప్పాను."

"ఏంటమ్మా?"

"బండి పాతదై పోలేదు. మీరు పాడు చేశారు. ఆయిల్ వేడెక్కకుండా రోజూ తొక్కారు. రోజూ."

"అదేంటమ్మా... ముల్లు మధ్యకొచ్చింది కదా?"

"ఆ ముల్లు నీళ్ళది బావగారూ! నేను మీకు చెప్పాను. ఈల వస్తోందని కూడా చెప్పాను. గాలన్నారు."

"నాకు సరిగ్గా అర్థం కాలేదమ్మా. గట్టిగా చెప్పి ఉండొచ్చుగా? నేనేమన్నా పరాయివాడినా?"

"గట్టిగా చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడు చెప్తున్నాను, వినండి!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. పొయ్యి మీద గిన్నె మోగింది. "కారు పోతే పోయింది. ఇక్కడ ఒక పెద్దావిడ నా కోసం..."

"అమ్మాయ్!" ముందుగదిలోంచి పెద్దావిడ కేకేసింది. "ఎవరి మీద అలా అరుస్తున్నావు?"

మా మాటలు తెలుగులో. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అరుపు తప్ప.

"మా బావగారి మీదండీ. నిజం చెప్తున్నాను," అన్నాను ఇంగ్లీషులో.

చక్రాల చప్పుడు. ఆవిడ కుర్చీ మెల్లగా వంటింటి గుమ్మం దాకా తోసుకుంటూ వచ్చింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"అయితే నాదీ ఒకటి విను. నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ అది నువ్వేనని తెలుసు. చాలా చలేసింది. తొమ్మిదింటికి ఇంక ఎవరూ రారేమో అనుకున్నాను. ఏడ్చాను."

ఫోన్ స్పీకర్లోనే ఉంది. బావగారు అదంతా విన్నారు. పెట్టెయ్యలేదు.